అంబర్‌పేట్ నుంచి తార్నాకకు ఆరు సెకన్లు

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి అల్విదా చెప్పారు. ఆ రోజు జుమా. నేను తార్నాకలో మా బిటియా ఇంట్లో ఉన్నాను. దసరా సెలవులు కాబట్టి మా నవాసా కూడా ఇంట్లోనే ఉన్నాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. టీవీలో ఆ జహాజ్‌లు చివరిసారి ఎగురుతుంటే, "ఖటారా పోయింది నానా, మంచిదే అయింది" అన్నాడు. వాడి నోట్‌బుక్‌లో ఒక పట్టిక ఉంది. ఒక పక్క లడాకూ జహాజ్‌ల పేర్లు. వాటి ఎదురుగా రఫ్తార్, ఎత్తు, మిస్సైళ్ళు. ప్రతిదానికీ మార్కులు వేసి ఏది ఫస్టో, ఏది లాస్టో తేల్చేశాడు.

నేను ఆ పట్టిక చూస్తుండగా గొంతు తగ్గించి అడిగాడు. "నానా, మనవాళ్ళెవరైనా ఫైటర్ నడిపారా?"

మనవాళ్ళంటే ఎవరు బేటా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. క్లాసులో పిల్లలు ఏ జహాజ్ గొప్పదని బహస్ చేసుకుంటుంటే వీడూ మాట కలిపాడట. ఒకడు, "నీకెందుకురా, మీ జహాజ్‌లు అవతల ఉన్నాయిగా" అన్నాడట. అందరూ నవ్వారట. వీడూ నవ్వాడట.

వీడూ నవ్వాడన్న దగ్గర నా మనసు కలుక్కుమంది. కోపంగా ఏదో ఒకటి అనడం సులువే. కానీ పిల్లవాడు అడిగింది తారీఖ్‌కి సంబంధించిన సవాల్. జవాబు కూడా తారీఖ్‌లోనే ఉంది. వానలు తెరిపిచ్చాక ఒక రోజు ఫజర్ నమాజ్ చదువుకుని, వాణ్ని వెంటబెట్టుకుని నడక మొదలుపెట్టాను. పట్టిక కూడా తెచ్చుకోమన్నాను.

మా ఇల్లు అంబర్‌పేట్‌లో, బిటియా ఇల్లు తార్నాకలో, మధ్యలో ఉస్మానియా క్యాంపస్. దారి సుమారు 5 కిలోమీటర్లు. నా నడకకి గంట పైనే పడుతుంది. "నీ జహాజ్‌లన్నిటినీ ఈ దారి మీద ఎగరేద్దాం, ఏది ఎంతసేపట్లో దాటుతుందో లెక్క కట్టు" అన్నాను. ఫోన్ తీశాడు.

మొదటిది 1918 నాటిది. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జామియా ఉస్మానియా పెట్టమని 1917లో ఫర్మాన్ ఇచ్చిన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖానే, బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ జహాజ్‌లు కొనిచ్చాడు. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరొచ్చింది. చెక్క చట్రం, పైన గుడ్డ, ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు. అది బాంబులు వేసే జహాజ్. గంటకు 200 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మా దారి దాటడానికి ఒకటిన్నర నిమిషం. నిజాం ఖజానాలో ఉన్నది దక్కన్ రైయత్ కట్టిన శిస్తు. ఆ లెక్కన మన తాతముత్తాతలు జంగీ జహాజ్‌లకు పైసా పెట్టడం 1918లోనే మొదలైంది. వాళ్ళనెవరూ అడగలేదు, అది వేరే సంగతి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకో రెండు స్క్వాడ్రన్లు మన షహర్ పేరు మోశాయి. 152వ దానికి స్పిట్‌ఫైర్లు, 253వ దానికి హరికేన్లు. 1940లో ఇంగ్లండ్ ఆకాశం మీద జర్మన్లతో జరిగిన లడాయిలో రెండూ ఉన్నాయి. 152 చిహ్నంలో నిజాం దస్తార్ బొమ్మ ఉంటుంది. కింద రాసిన మాటను మన జబాన్‌లో చెప్పాలంటే యార్-ఎ-వఫాదార్. స్పిట్‌ఫైర్ మొదటి రకం గంటకు 580 కిలోమీటర్లు పోతుంది. మా దారికి 31 సెకన్లు. రెక్కల్లో ఎనిమిది మెషీన్ గన్లు. ఏకబిగిన కాలిస్తే పదిహేను సెకన్లలో తూటాలన్నీ ఖాళీ. అవి సరిగా తగలాలంటే 250 గజాల దాకా దగ్గరికి పోవాలి. దుష్మన్ ఎక్కడున్నాడో వెతకడానికి పైలట్‌కి ఉన్నవి రెండు కళ్ళు, ఒక మెడ. అస్తమానం వెనక్కి తిరిగి చూసి మెడ ఒరుసుకుపోతుందని వాళ్ళు పట్టు రుమాలు చుట్టుకునేవారు. షోకు అనుకుంటాం. అది అవసరం.

యుద్ధం అయ్యాక ఈ రెండు స్క్వాడ్రన్లనూ 1950ల్లో కొన్నేళ్ళు మళ్ళీ తెరిచారు. 152కి మీటియర్, 253కి వెనమ్, రెండూ జెట్లే. అప్పటికి నిజాం రియాసత్ లేదు. ఇంగ్లండ్ జెట్ల స్క్వాడ్రన్లకు పేరు మాత్రం మిగిలింది.

జెట్ ఎందుకు వచ్చిందో వాడికి చెప్పాల్సి వచ్చింది. పంఖా తిరిగే జహాజ్ వేగం పెంచుకుంటూ పోతే, ఒక హద్దు దగ్గర పంఖా అంచులు ధ్వని వేగాన్ని అందుకుంటాయి. అక్కడి నుంచి ఇంజన్ ఎంత తాఖత్ పెట్టినా గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది, జహాజ్ ముందుకు పోదు. జెట్‌కి బయట పంఖా లేదు. ముందు నుంచి గాలి పీల్చి, లోపల ఇంధనంతో మండించి, వెనక నుంచి విసిరేస్తుంది. 1948లో మన దేశానికి వచ్చిన తొలి జెట్లు బ్రిటిష్ వాంపైర్లు. 1953లో ఫ్రాన్స్ నుంచి దసో కంపెనీ జహాజ్ వచ్చింది. వాళ్ళ భాషలో పేరు ఊరగాన్, అంటే తుఫాను. మనవాళ్ళు దానికి తూఫానీ అని పేరు పెట్టుకున్నారు. గంటకు 940 కిలోమీటర్లు. మా దారికి 19 సెకన్లు.

1963లో మిగ్-21 వచ్చింది. ధ్వనికి రెండు రెట్లు, గంటకు 2,100 కిలోమీటర్ల పైన. మా దారికి ఎనిమిది సెకన్లు చాలు. 1981లో మిగ్-25 వచ్చింది. మనం దాన్ని లడాయికి తీసుకోలేదు, పై నుంచి ఫొటోలు తీయడానికి తీసుకున్నాం. గంటకు 3,000 కిలోమీటర్లు. అంబర్‌పేట్ నుంచి తార్నాకకు ఆరు సెకన్లు. బిస్మిల్లాహ్ అని అంబర్‌పేట్‌లో అంటే, తార్నాకలో దిగాక కూడా నోట్లో మాట ఆరదు.

"ఇప్పుడు నీ ఫస్ట్ ర్యాంకు జహాజ్‌ని ఎగరెయ్యి" అన్నాను. రఫేల్. ధ్వనికి 1.8 రెట్లు. లెక్క కట్టాడు. తొమ్మిదిన్నర సెకన్లు వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కట్టాడు. మళ్ళీ అదే వచ్చింది.

"నానా, అంటే ఖటారా ముందు రఫేల్ ఓడిపోయిందా?"

ముకాబలా అసలు ఇక్కడే మొదలవుతుంది. 1918 నుంచి 1963 దాకా 45 ఏళ్ళలో రఫ్తార్ పది రెట్లు పెరిగింది. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా, మిగ్-25 లాంటివి తప్ప, పెద్దగా పెరగలేదు. కొత్త జహాజ్‌ల్లో చాలావాటి రఫ్తార్ పాతవాటికన్నా తక్కువ. అమెరికా ఎఫ్-35 కూడా ధ్వనికి 1.6 రెట్ల దగ్గరే ఆగింది. చేతగాక ఆగలేదు. కావాలనే ఆపారు.

మొదటి కారణం వేడి. ధ్వనికి 2.8 రెట్ల వేగంతో పోతే ముందున్న గాలి నలిగి, జహాజ్ ముక్కు దగ్గర సుమారు 280 డిగ్రీల వేడి పుడుతుంది. బయట గాలి గడ్డకట్టే చలిలో ఉన్నా సరే. ఆ వేడికి అల్యూమినియం బలం తగ్గిపోతుంది. అందుకే మిగ్-25ని ఎక్కువ భాగం ఉక్కుతో కట్టారు. ఉక్కు బరువు. బరువు మోయడానికి పెద్ద ఇంజన్లు, వాటికి టన్నులకొద్దీ ఇంధనం. అంత చేసినా పూర్తి వేగంతో పోగలిగేది కొద్ది నిమిషాలే.

రెండో కారణం మలుపు. ఇది చెప్పేటప్పటికి మేము ఆర్ట్స్ కాలేజీ ముందుకి వచ్చాం. వేగం రెట్టింపైతే, అదే బలంతో తిరిగే మలుపు నాలుగు రెట్లు పెద్దదవుతుంది. మిగ్-25 ఆ వేగంలో తన బరువుకి సుమారు నాలుగున్నర రెట్ల బలం దాకా ఓర్చుకుంటుంది. దాని ప్రకారం మలుపు వ్యాసార్ధం దాదాపు 16 కిలోమీటర్లు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక మేకు కొట్టి, దానికి తాడు కట్టి ఆ జహాజ్‌ని తిప్పితే, తూర్పున ఘట్‌కేసర్, పడమర హైటెక్ సిటీ చుట్టి వస్తుంది. అదే స్పిట్‌ఫైర్ గంటకు 450 కిలోమీటర్ల మీద నాలుగు రెట్ల బలంతో తిరిగితే వ్యాసార్ధం 400 మీటర్లు. ఈ క్యాంపస్ దాటదు. బాణంలా పోవడం ఒక హునర్, తిరగడం ఇంకో హునర్. ఒకదానికి మార్కులు వేస్తే రెండోదానికి కోత పడుతుంది.

మరి అరవై ఏళ్ళలో పెరిగిందేమిటి? నజర్. ఒకే కంపెనీ చేసిన తూఫానీని, రఫేల్‌ని పక్కపక్కన పెట్టి చూడండి. రఫేల్ అన్న పేరుకి కూడా ఫ్రెంచిలో ఈదురుగాలి అనే అర్థం ఉంది, ఇద్దరూ ఒక ఖాందాన్ వాళ్ళే. తూఫానీకి నాలుగు ఫిరంగులు, పైలట్ కళ్ళు. ఇంజన్ తోపు రెండుంబావు టన్నులు. రఫేల్ ఖాళీ బరువు పది టన్నులైతే, రెండు ఇంజన్లూ కలిసి తోసేది పదిహేను టన్నులు. తన బరువంత ఆయుధాలనూ ఇంధనాన్నీ రెక్కల కింద మోస్తుంది. రాడార్ ఒకేసారి ఎన్నో లక్ష్యాల మీద కన్నేసి ఉంచుతుంది. దాని మీటియర్ మిస్సైల్ వంద కిలోమీటర్లు దాటి పోతుంది. హైదరాబాద్ మీద ఉండి నల్లగొండ మీదున్న దాన్ని కొట్టడం లాంటిది. మిగ్-21తో వచ్చిన కే-13 మిస్సైల్ ఇంజన్ వేడి వాసన పట్టుకుని, దుష్మన్ తోక వెనక నుంచి, కొద్ది కిలోమీటర్లలోపు మాత్రమే పనిచేసేది. పైగా మన మిగ్-21ల్లో ఒక రకానికి అసలు ఫిరంగే లేదు. ఇక అంతా మిస్సైళ్ళ జమానా అనుకుని తీసేశారు. 1965 లడాయిలో ఆ పొరపాటు తెలిసొచ్చింది. 1971 నాటికి పొట్ట కింద ఫిరంగి తగిలించారు.

ఈ నజర్ సంగతికి మిగ్-21 తానే సాక్షి. 2000 తర్వాత సుమారు 125 పాత మిగ్-21లకు కొత్త రాడార్, కొత్త మిస్సైళ్ళు పెట్టి బైసన్ అని పేరు పెట్టారు. శరీరం అదే, రఫ్తార్ అదే, కళ్ళు మాత్రం కొత్తవి. 2004లో గ్వాలియర్‌లో అమెరికన్ ఎఫ్-15లతో విన్యాసాలు జరిగితే ఈ ముసలి జహాజ్ వాళ్ళని ఆశ్చర్యపరిచింది.

అయినా "ఖటారా" అన్న మాట పూర్తిగా తప్పని నేను అనను. మిగ్-21లు వందల సంఖ్యలో కూలాయి. ఎందరో నవజవాన్ పైలట్ల జాన్ పోయింది. అది 300 కిలోమీటర్ల దరిదాపు వేగంతో నేలకు దిగే జహాజ్. మెల్లగా పోయే కిరణ్ మీద నేర్చుకున్న పిల్లలు నేరుగా దీని మీదికి ఎక్కేవారు. మధ్యలో ఉండాల్సిన మెట్టు, హాక్ శిక్షణ జెట్, బీదర్‌కి వచ్చింది 2008లో. అంటే 45 ఏళ్ళు ఆ మెట్టు లేకుండానే ఎక్కారు. వాడి పట్టికలో దీనికి గడి లేదు.

మిగ్-21కి మన షహర్‌తో ఉన్న రిష్తా చాలామందికి తెలియదు. దాన్ని ఇక్కడే చేయాలని నిర్ణయించినప్పుడు పని మూడు చోట్ల పంచారు. శరీరం నాసిక్‌లో, ఇంజన్ ఒడిశాలోని కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు మన బాలానగర్‌లో. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ బాలానగర్ కార్ఖానా 1965లో మొదలైంది అందుకే. నా చిన్నప్పుడు మా గల్లీలో ఒక చాచా రోజూ తెల్లవారే టిఫిన్ డబ్బా పట్టుకుని బాలానగర్ బస్సు ఎక్కేవారు. ఏం పని చేస్తారు చాచా అంటే, "టంకం పెడతాను బేటా" అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. వేళ్ళ కొసలు మాడి గట్టిపడి ఉండేవి. ఆయన పెట్టిన టంకం ఏ జహాజ్‌లో, ఎన్నేళ్ళు, ఏ సరిహద్దు మీద ఎగిరిందో ఆయనకీ తెలియదు.

ఇక వాడు అడిగిన సవాల్. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని చెప్పాను.

ఇద్రీస్ హసన్ లతీఫ్. 1923లో ఇదే హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. పద్దెనిమిదేళ్ళకే వాయుసేనలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఇంగ్లండ్ వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ నడిపారు. తిరిగొచ్చి బర్మా మోర్చాలో పనిచేశారు. 1947లో ముల్క్ రెండైంది. వాయుసేన కూడా రెండైంది. పాత సాథీలు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వాయుసేనకి రమ్మని పిలిచారు. ఆ ఇద్దరూ తర్వాత అక్కడ వాయుసేనాధిపతులయ్యారు. లతీఫ్ వెళ్ళలేదు. తన మజ్‌హబ్‌కీ తన ముల్క్‌కీ ముడి పెట్టనని ఫైసలా చేసుకున్నారు.

ఆ ఫైసలా బరువెంతో మన హైదరాబాదీలకే తెలుస్తుంది. 1947 ఆగస్టులో ఆయన పుట్టిన షహర్ ఇటూ లేదు, అటూ లేదు. నిజాం రియాసత్ వేరుగానే నిలబడి ఉంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. అప్పుడు ఈ ఇలాకా మీదికి వచ్చిన జహాజ్‌లు టెంపెస్ట్‌లు. ఆ రోజుల మాట మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా చెప్పుకున్నారో, ఎలా చెప్పుకోకుండా ఊరుకున్నారో నేను రాయనక్కర్లేదు. సంవత్సరం పైన నాలుగు నెలలు గడిచాయి. 1950 జనవరిలో దేశం గణతంత్రమైన రోజు ఢిల్లీ ఆకాశం మీద టెంపెస్ట్‌లు వరుస కట్టి ఎగిరాయి. వాటి ముందు ఎగిరింది హైదరాబాదీ ఇద్రీస్ లతీఫ్.

1978 సెప్టెంబర్ 1న ఆయన వాయుసేనాధిపతి అయ్యారు. ఏళ్ళ తరబడి నలుగుతున్న జాగ్వార్ జహాజ్‌ల కొనుగోలు ఆయన హయాంలోనే తేలింది. 1979లో అవి అంబాలాలో దిగాయి. జాగ్వార్ కూడా రఫ్తార్ కోసం కొన్నది కాదు. నేలను ఒరుసుకుంటూ, రాడార్ కంట పడకుండా దూరం పోయి కొట్టే హునర్ దానిది. మిగ్-25 స్క్వాడ్రన్ బరేలీలో మొదలైంది 1981 ఆగస్టులో, ఆయన రిటైర్ కావడానికి కొద్ది రోజుల ముందు. అప్పటికి ఆయన వయసు 58. ఆ జహాజ్‌లోనూ ఎక్కి ఎగిరారు. తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి, మళ్ళీ హైదరాబాద్ వచ్చి, 2018లో ఇక్కడే ఇంతెఖాల్ అయ్యారు.

"మనం కూర్చున్న ఈ చోటికి కూడా ఆయనతో రిష్తా ఉంది" అన్నాను. ఆయన బేగం బిల్కీస్ లతీఫ్ తండ్రి నవాబ్ అలీ యావర్ జంగ్. ఈ ఉస్మానియాకి రెండుసార్లు వైస్ ఛాన్సలర్. పోలీస్ యాక్షన్ తర్వాతి కష్టకాలంలో, 1948 నుంచి 1952 దాకా, ఈ క్యాంపస్‌ని నడిపింది ఆయనే. ఇప్పటికీ పైలట్లు తయారయ్యే దుండిగల్ అకాడమీకి 1967లో పునాదిరాయి వేసింది రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయనా హైదరాబాద్‌లో పుట్టినవారే.

నవాసా ఫోన్‌లో లతీఫ్ ఫొటో వెతికి చాలాసేపు చూశాడు. "ఇది మా క్లాసులో చూపిస్తా నానా" అన్నాడు. చూపించు, మంచిదే అన్నాను. కానీ నాకు ఇంకొక మాట చెప్పాలనిపించింది. మీ పిల్లలకూ అదే చెప్పమని అడుగుతున్నాను.

లతీఫ్ ఉన్నారు కాబట్టి నీకు ఈ ముల్క్‌లో హక్కుంది అని నేను వాడికి చెప్పదలచుకోలేదు. లతీఫ్ పుట్టకపోయినా హక్కుంది. అంత ఎత్తు ఎగిరినవాణ్ని చూపిస్తేనే హక్కు తేలుతుందంటే, టంకం పెట్టిన చాచా ఏమైపోవాలి? శిస్తు కట్టిన రైయత్ ఏమైపోవాలి? జహాజ్‌లకు మార్కులు వేసుకోవచ్చు, అదొక సరదా. కానీ ఏ జహాజ్‌నైనా దాని జమానా దాన్ని అడిగిన పనిని బట్టి చూడాలి. మనుషులకు ఆ పట్టిక అసలే పనికిరాదు.

మేము తార్నాక చేరేసరికి ఎండెక్కింది. రెండు గంటలు పట్టింది. మిగ్-25కి ఆరు సెకన్ల దారి. అయినా ఆ రెండు గంటలు దండగ కాలేదని నాకు తృప్తి.

చదువుతున్న భాయీలకూ బహెన్‌లకూ ఒక గుజారిష్. బాలానగర్‌లో, కంచన్‌బాగ్‌లో, హకీంపేట్‌లో, దుండిగల్‌లో ఏ చిన్న పని చేసినవారైనా మీ ఇళ్ళలో బుజుర్గులుగా ఉంటే, ఈ జుమాకే పక్కన కూర్చుని అడగండి. ఏ పని చేశారు, ఎన్నేళ్ళు చేశారు, జీతమెంత, ఏ బస్సులో పోయేవారు, అన్నీ రాసి పెట్టండి. మా గల్లీ చాచాను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఖుదా హాఫిజ్.